మూడో బీరువాలోని ఊపిరితిత్తులు

కాయితాలు దాచడానికి నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నారు. చివర్లో వాటినే చింపడానికి ఉంచుకున్నారు. చెప్పిన పనికి తలూపడం తప్ప మరో నైపుణ్యం లేనివాణ్ణి కనుక రెండూ చేశాను. ముప్పయ్యేళ్ళు రికార్డు గుమస్తాగా ఉండి, నా పేరిట ఒక్క రికార్డూ లేకపోవడమే నా రికార్డు.

మాది పోర్టులో ఓడల నుంచి బొగ్గు దింపే పనిని కాంట్రాక్టుకు తీసుకున్న ఒక ప్రైవేటు కంపెనీ. పోర్టు గోడ పక్కన పాత గోదాము, దాని మేడ మీద రికార్డు గది. కిటికీ తెరిస్తే బొగ్గు, మూస్తే చెమట. పొద్దున్న తెల్లచొక్కాతో వెళ్ళి సాయంత్రం బూడిదరంగు చొక్కాతో ఇంటికి వచ్చేవాణ్ణి. ఒక్క చొక్కాతో రెండు రంగుల వైభోగం. గదిలో గోడల వెంబడి చెక్క అరలు, వాటి నిండా తాళ్ళతో కట్టిన ఫైళ్ళు, ఓ మూల మూడు ఇనప బీరువాలు. మొదటి రెండింటి తాళాలు ఎప్పుడో పాడయ్యాయి. మూడోదానికి మాత్రం తాళం పడేది. దాని తాళంచెవికి ఓ అట్టముక్క కట్టి 'రహస్యం' అని నా గుండ్రటి చేతిరాతతో నేనే రాశాను. మా పద్ధతి అది. ఏది రహస్యమో ఎవరూ చదివి తేల్చరు. తాళం లోపల ఉంటే రహస్యం, బయట ఉంటే కాదు.

పాతకాయితాలను పాతఊరిలో చిత్తుకాయితాల వ్యాపారం చేసే ఒక భాయ్‌కి వేసేవాళ్ళం. ఆయన దగ్గర్నుంచి అవి ఊరంతా తిరిగేవి. ఒకసారి బీచిలో వేయించిన పల్లీలు కొనుక్కుని, తింటూ తింటూ పొట్లం విప్పి చదివితే, అది మా మేనేజరుగారు మొలల ఆపరేషను కోసం పెట్టుకున్న సెలవుచీటీ. ఆ తర్వాత చాలా రోజులు ఆయన కుర్చీలో కూర్చునేటప్పుడల్లా నేను తల దించుకునేవాణ్ణి. అందుచేత, మనుషుల గుట్టు గుట్టలుగా అమ్ముకోవడం తప్పని కంపెనీవాళ్ళు చెప్పినప్పుడు నాకు అన్యాయం అనిపించలేదు. పల్లీల రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

మనుషుల వివరాలు బయటికి పోకుండా కొత్త చట్టం వస్తోందన్నారు. ఆఫీసు ఊరికి ఆ చివరున్న మధురవాడలో అద్దాల మేడకు మారుతోందన్నారు. అక్కడికి కంప్యూటర్లు వెళ్తాయి, కాయితాలు వెళ్ళవు. కావలసినవి ఫోటోలు తీసి, మిగతావన్నీ పద్ధతి ప్రకారం నాశనం చేయాలి. ఆ పద్ధతి నేర్పడానికి మా అమ్మాయి వయసున్న ఒక మేడమ్ వచ్చి మాకు ఒకపూట పాఠం చెప్పింది. నాశనం చేయాల్సినవి సంచుల్లో వేసి సీలు వేయాలి. సీలు వేశాక ఎవరూ విప్పి చూడకూడదు. చించే మిషను బండి మీద వస్తుంది. ఒక సాక్షి దగ్గరుండి సంచులు లెక్కపెట్టి సంతకం చేయాలి. ఈలోగా ఒక్క కాయితం కూడా చేతిమీదుగా బయటికి పోకూడదు. ఎవరి కాయితం వాళ్ళకిచ్చినా సరే, మధురవాడ నుంచి ఉత్తర్వు ఉండాలి. చివర్లో మా అందరికీ తలా ఒక సర్టిఫికెట్టు ఇచ్చారు. డిగ్రీ తర్వాత నాకొచ్చిన మొదటి సర్టిఫికెట్టు అది. ఇంటికి తెచ్చి మా ఆవిడకి చూపించాను.

"ముప్పయ్యేళ్ళు దాసినోడికి లేదు గాని, సింపుతానంటే సర్టిఫికెట్టిచ్చీసారేటి?" అంది.

ఆ వారమే, బుధవారం నాడు, బావ వచ్చాడు.

బావంటే చుట్టరికం కాదు. మా వైపు ఇద్దరు మగవాళ్ళు ఒకచోట నాలుగుసార్లు టీ తాగితే బావలైపోతారు. ఇతనిది ఒడ్డునున్న జాలరిపేట. అన్నదమ్ములు ఇప్పటికీ వేటకు వెళ్తారు. ఇతను మాత్రం పెళ్ళయిన కొత్తలో సముద్రం వదిలి మా కంపెనీలో చేరాడు. బొగ్గు మోసే బెల్టుల కింద రాలినదాన్ని ఎత్తే పని. ఇరవై రెండేళ్ళు ఎత్తాడు. రెండేళ్ళ కిందట దగ్గు ఎక్కువై మానేశాడు. మేడమెట్లు ఎక్కి వచ్చి, మాట్లాడే ముందు చాలాసేపు బల్ల పట్టుకుని నిలబడ్డాడు. ఒకప్పుడు ఆ మెట్లే భుజాన మంచినీళ్ళ డబ్బా పెట్టుకుని పాడుతూ ఎక్కేవాడు.

"ఏటి బావా, ఇలగయిపోనావు?" అన్నాను.

"ఎలగయినా గాని, ముందు నా బొమ్మ తియ్యి."

"ఏ బొమ్మ?"

"అదే బావా, పన్లోకి సేరినప్పుడు గుండెకి ఎక్సరే తీసినారు గదా. అది."

సంగతి ఇది. పెద్దాసుపత్రిలో డాక్టర్ల బోర్డు ఒకటి ఉంది. బొగ్గు దుమ్ము వల్ల వచ్చిన జబ్బని ఆ బోర్డు రాసిస్తే అతనికి మందులూ ఆక్సిజనూ ఆఖరుదాకా ఊరికే ఇస్తారు. బీడీ వల్ల వచ్చిందని రాస్తే ఇవ్వరు. బోర్డు వచ్చే గురువారం కూర్చుంటుంది. పనిలో చేరేనాటికి ఊపిరితిత్తులు బాగున్నాయని ఏదైనా ఆధారం తెమ్మన్నారు.

"నానెప్పుడైనా బీడీ ముట్టినానా బావా? నువ్వు సెప్పు. టీ కొట్టు కాడ నువ్వు కాల్సినప్పుడు నాను అటేపు తిరిగిపోయేవోడిని గదా?"

"అవును. నన్ను తిట్టీవోడివి."

"మరి? కాల్సినోడివి నువ్వు బాగున్నావు. కాల్సనోడికి నాకేటి ఇది?"

లేచి అరల దగ్గరికి వెళ్ళాను. అతని ఫైలు ఉంది. నేను గొప్పగా చెప్పుకోగలిగిన విద్య అదొక్కటే, ఏ ఫైలైనా టీ చల్లారే లోపు తీయగలను. అరలోంచి తీసి దుమ్ము దులిపితే అతను దగ్గాడు. అప్పటినుంచి దులపడం మానేశాను. గోధుమరంగు కవరులోంచి ఫిల్ము బయటికి లాగి ఇద్దరం కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాం. మూలన అతని టోకెను నంబరు, తేదీ తెల్లటి అంకెల్లో అచ్చయి ఉన్నాయి. పక్కటెముకల మధ్య రెండు ఊపిరితిత్తులు నిండుగా, నల్లగా ఉన్నాయి. ఎక్సరేలో నలుపే ఆరోగ్యమట, తెలుపు మచ్చ వస్తేనే జబ్బట. నల్లదనం మంచిదని చెప్పిన చోటు నాకు తెలిసి అదొక్కటే.

"సూడు, ఎంత పెద్దయో!" అన్నాడు. పాత పెళ్ళి ఫోటో చూసుకున్నవాడిలా నవ్వాడు. "వలేసి లాగీ వొయిసు బావా అది."

ఇక్కడ నేను చేయవలసిన పని ఎంత చిన్నదో ఇప్పుడు రాస్తుంటే ఇంకా చిన్నదిగా కనిపిస్తోంది. ఫిల్మును చుట్టి అతని సంచీలో పెట్టి, మెట్లు దిగేదాకా చెయ్యిపట్టుకుంటే సరిపోయేది. ముప్పయ్యేళ్ళలో అలా ఎందరికో ఇచ్చాను. పుట్టినతేదీల కాయితాలు, పాత ఫోటోలు, ఒకామెకు చచ్చిపోయిన మొగుడి సంతకం ఉన్న సెలవుచీటీ. అప్పుడు నాకు సర్టిఫికెట్టు లేదు. ఇప్పుడు ఉంది.

"ఇయ్యకూడదు బావా. కొత్త రూలు. మధురవాడ ఎల్లి దరఖాస్తు పెట్టు. కాయితం ఇస్తారు. అది పట్టుకుని సోమారం వొచ్చీ, సేతికిచ్చీస్తాను."

"నా ఊపిరితిత్తులు నాకియ్యడానికి మధురవాడెందుకు?"

"నీ రహస్యం ఇంకోడి సేతిలో పడకుండా."

"ఇంకోడెవుడు బావా? నానే గదా."

అని, మళ్ళీ వాదించడానికి ఊపిరి చాలక, నవ్వేసి వెళ్ళిపోయాడు. ఆ ఊపిరితోనే మద్దిలపాలెంలో బస్సు మారి మధురవాడ రెండుసార్లు వెళ్ళాడని తర్వాత తెలిసింది. మొదటిసారి ఆధార్ నకలు లేదని పంపేశారట.

అతను వెళ్ళాక నేను ఫిల్ము గురించి బాగా ఆలోచించాను. నాకు కీడు జరిగిన ప్రతిసారీ, ముందు నేను బాగా ఆలోచించే ఉంటాను. మళ్ళీ అరలో పెడితే, అరలన్నీ ఖాళీ చేసే కుర్రాళ్ళు పొరపాటున సంచిలో వేసేస్తారు. కాబట్టి గదిలో అన్నిటికన్నా భద్రమైన చోట పెట్టాలి. మూడో బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. ఒకరి ఆరోగ్యం సంగతి ఇంకొకరికి చెప్పకూడదని ఆ పాఠంలోనే విన్నాను మరి.

శుక్రవారం మమ్మల్ని తాళంచెవులతో సహా మధురవాడ రమ్మన్నారు. గోదాము ఖాళీ చేసే ముందు తాళాలన్నీ అప్పజెప్పాలట. అద్దాలమేడలో చలి. మేడమ్ ఒక ట్రేలో చెవులు వరసగా పేర్చుకుని, నా అట్టముక్క చదివి ముచ్చటపడింది.

"హ్యాండ్‌రైటింగ్ చాలా బావుంది సార్. ఇందులో ఏమున్నాయి?"

"రహస్యాలు మేడమ్," అన్నాను. హాస్యమాడాననుకున్నాను. ఆమె రాసుకుంది.

అందులో ఒక ఫిల్ము సోమవారం దాకా ఉండాలని అప్పుడు చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది. అనుమతి రాకముందే ఫైలు తీశానని తెలిస్తే ఏమంటుందోనని మింగేశాను. రిటైరుమెంటుకి ఏడు నెలలుంది. సోమవారం ఎలాగూ నేనే వెళ్ళి తీస్తాను కదా అనుకున్నాను. తాళం ఇచ్చేశాక ఎలా తీస్తానో ఆలోచించలేదు.

అదే రోజు మధ్యాహ్నం, నేను బస్సులో తిరిగి వస్తూండగా, కంపెనీ కారులో నాకన్నా ముందే చేరిన కుర్రాళ్ళు ఆ చెవితో మూడో బీరువా తెరిచి, అందులోవన్నీ జాబితా రాసి, సంచుల్లో వేసి సీళ్ళు వేశారు. మధురవాడ ఇచ్చిన ఉత్తర్వులో మొదటి మాటే అది, తాళం వేసిన బీరువాలు మొత్తం. రహస్యమైనవి ముందు పోవాలి. న్యాయమే.

శనివారం ఉదయం బండి వచ్చింది. ఆనందపురం దగ్గర షెడ్డు ఉన్న ఒక చించుడు కంపెనీది. బండి పక్కన ఒక చిన్న అద్దం, అందులోంచి చూస్తే పళ్ళచక్రాలు తిరుగుతుంటాయి. సాక్షిని నేనే. మేడ ఎక్కనక్కర్లేకుండా బండి పక్కనే కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు. సంచి తర్వాత సంచి సీలు తెంచి మిషను నోట్లోకి వంచుతున్నారు. కాయితం లోపలికి పోయి, రవ్వంత ముక్కలై అటు రాలుతోంది. నా చేతిరాత అంతా, ముప్పయ్యేళ్ళ గుండ్రాలన్నీ, ఉప్మా రవ్వలా రాలుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు. మజ్జిగలో ఉప్పు చాల్లేదని మాత్రం అనిపించింది.

మధ్యలో మిషను దగ్గరున్నతను కొన్ని సంచుల్లోంచి నల్లటి ఫిల్ములు ఏరి పక్కన గోనెలో పడేస్తున్నాడు.

"అవేటి, పక్కనెట్టేస్తన్నావు?" అని అడిగాను.

"ప్లాస్టిక్కు సార్. పళ్ళకి సుట్టుకుపోద్ది. వాటికి వేరే దారుంది."

"మరి కాయితంలో అంతా నాశనం అని రాసుందే?"

"అయిపోద్ది సార్. ఈయాల గాకపోతే రేపు."

జాబితా చదవకుండానే నేను సంతకం పెట్టాను. బావ ఫిల్ము బీరువాలో ఉందనుకుంటున్నాను కదా, ఆ గోనెలో ఎవరి గుండెలున్నాయో నాకెందుకు? నేను సంతకం పెట్టిన కాయితం పేరు 'సర్టిఫికెట్ ఆఫ్ డిస్ట్రక్షన్' అట. మంచి దళసరి కాయితం.

సోమవారం పదిన్నరకు బావ ఉత్తర్వు పట్టుకుని వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మేము మెట్లెక్కి చూస్తే మూడో బీరువా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. అడుగున ఒక కలరా ఉండ దొర్లుతోంది. ఎక్కడ పెట్టాను, ఏం జరిగింది, ఎవరు తీశారు, అన్నీ ఒక్కసారిగా నాకు అర్థమయ్యాయి. నా ముఖం చూసి అతనికీ అర్థమైంది.

"సింపీసినారా?"

"సంతకం నానే పెట్టాను బావా."

అతను అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. "కాయితం బాగా రాసిచ్చినారు సూడు," అని ఉత్తర్వు నాకిచ్చాడు. నిజంగానే బాగా రాశారు. అతని టోకెను నంబరులో ఒక్క తప్పు లేదు.

అప్పుడు నాకు గోనె గుర్తొచ్చింది. ఫిల్ములు మిషన్లోకి పోలేదు. ఆ కంపెనీ మోసం చేసింది, నేను అబద్ధానికి సాక్షి సంతకం పెట్టాను. నా జీవితంలో ఏ మోసానికీ నేనంత సంతోషించలేదు. బావని ఇంటికి పంపి, ఆటో ఎక్కి ఆనందపురం వెళ్ళాను. షెడ్డులో కాయితపు రవ్వని గడ్డిమోపుల్లా కట్టి పేర్చారు. మిషను దగ్గరున్నతను నన్ను చూసి, ఫిర్యాదుకి వచ్చాననుకుని భయపడ్డాడు.

"అంతా పద్ధతి పెకారమే సేసినాం సార్."

"పద్ధతి పెకారం సెయ్యలేదని సెప్పు నాయనా, నీకు దండం పెడతాను. ఆ గోనె ఏదీ?"

వాడు గోడకేసి చూస్తూ చెప్పాడు. శనివారం సాయంత్రమే పాతఊరికి పంపేశారట. ఎవరికి అని అడిగితే చెప్పిన గుర్తులు నాకు కొత్తవి కావు. మా చిత్తుకాయితాల భాయే.

ఆ మాటకు నాకు ధైర్యం వచ్చింది. ఆయన దగ్గర ఏదీ తొందరగా పోదు. ఒకసారి కంపెనీ లైసెన్సు పొరపాటున పోతే, మూడు నెలల తర్వాత కూడా ఆయన కట్టలోంచి తీసి ఇచ్చాడు. ఆనందపురం నుంచి పాతఊరు చేరేదాకా, అన్ని సిగ్నళ్ళ దగ్గరా, ఆయన ఆలస్యాన్ని తలుచుకుంటూ కూర్చున్నాను.

కొట్టు వెనక పెరట్లో పొయ్యి మీద పెద్ద డేగిసా ఉంది. దండెం మీద నీలంగా ఏవో ఆరేసి ఉన్నాయి. భాయ్ కుర్చీ వేశాడు.

"రండి రండి సాబ్, ఎన్నాళ్ళకి! కాయితాలు మానేసినారు కదా మీరు, మా కొట్టే బోసిపోయింది."

చెప్పాను. మొత్తం విన్నాడు. గడ్డం నిమురుకుని, లేచి, దండెం దగ్గరకు నడిచాడు.

"యా అల్లా. నిన్న కడిగేసినాం సాబ్. ఆదివారం ఖాళీగా ఉండి... అసలు నేనెప్పుడూ ఆదివారం పని పెట్టను. మనవరాలి నిశ్చితార్థం ఉంది ఈ వారం, తర్వాత కుదరదని."

కాస్టిక్ సోడా వేసి మరిగించిన నీళ్ళలో ముంచితే ఫిల్ము మీది నలుపంతా విడిపోతుందట. అడుక్కి దిగిన మడ్డిలోంచి వెండి తీస్తారట. మిగిలిన నీలం షీటు మిఠాయి డబ్బాల మూతలకు పోతుందట. దండెం మీద మావాళ్ళ గుండెలు గాలికి ఊగుతున్నాయి. ఒక్కదాని మీదా ఒక్క ఎముక లేదు, అంకె లేదు. అవతల పెరడు, మేక, బట్టలుతుకుతున్న మనిషి, అన్నీ వాటిలోంచి నీలంగా కనబడుతున్నాయి. ఏది బావదో నేను చెప్పలేను. నేను, ఏ ఫైలైనా టీ చల్లారే లోపు తీసేవాణ్ణి.

భాయ్ ఒకటి తీసి, తుడిచి, చుట్టి నా చేతిలో పెట్టాడు. ఎందుకిచ్చాడో తెలియదు. నేనెందుకు తీసుకున్నానో కూడా తెలియదు.

గురువారం బోర్డుకి నేను కూడా వెళ్ళాను. మా దగ్గర మిగిలిన ఆధారాలు రెండు. ఒకటి ఆ దళసరి సర్టిఫికెట్టు నకలు. నాశనం చేసిన వాటి జాబితాలో, మూడో బీరువా కింద, బావ టోకెను నంబరూ 'వైద్య ఫిల్ము, ఒకటి' అనీ ఉంది. మధురవాడ వాళ్ళు అడగ్గానే ఇచ్చారు. ఆ కాయితాన్ని మాత్రం ఎప్పటికీ చింపకూడదట. రెండోది, నా కళ్ళతో ఆ ఫిల్ము చూశానని నేను రాసిన ఉత్తరం.

డాక్టరుగారు మంచివాడు. రెండూ ఓపిగ్గా చదివాడు.

"ఫిల్ము ఉండేదని దీన్నిబట్టి తెలుస్తోంది. అందులో ఏముందో తెలియడం లేదు కదండీ."

"నేను చూశానండి. రెండు పక్కలా నల్లగా ఉంది. మచ్చ లేదు."

"మీరు డాక్టరా?"

"గుమస్తానండి."

ఆయన తల వంచుకుని రాసుకున్నాడు. పొగ అలవాటు సంగతి నిర్ధారణ కాలేదని రాశాడు. జబ్బు పని వల్లే వచ్చిందనడానికి ఆధారం చాలదని రాశాడు. బావ ఆ కాయితం అందుకుని రెండుసార్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయట వేపచెట్టు కింద అతని భార్య కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచింది, మా నడక చూసి మళ్ళీ కూర్చుంది.

నేను రిటైరయ్యాను. దండ వేశారు, గోప్యత విషయంలో ఆదర్శమన్నారు. ఆదివారాలు జాలరిపేట వెళ్తుంటాను. అద్దెకు తెచ్చిన సిలిండరు మంచం పక్కన ఉంటుంది, వారంలో మూడు రోజులు నిండుగా, మిగతా రోజులు ఊరికే. ఆ నీలం షీటుని అతని భార్య కిటికీకి బిగించింది, సముద్రపు గాలి నేరుగా కొట్టకుండా. అతను దానికేసే తిరిగి పడుకుంటాడు. మాట్లాడటానికి ఓపిక లేని రోజుల్లో కూడా ఆ ఒక్క ప్రశ్నా అడుగుతాడు. మధ్యలో రెండుసార్లు ఆగి అడుగుతాడు.

"బావా... ఆ రోజు కిటికీ కాడ... నువ్వు సూసినావు గదా?"

"సూసాను బావా."

"నల్లగున్నాయి గదా?"

"నల్లగున్నాయి. నిండుగున్నాయి."

"మరి... అప్పుడే ఇచ్చీయకపోనావేటి?"

ఇది కోపంగా అడగడు, తెలుసుకోవాలని అడుగుతాడు. నేను సిలిండరు మీటరులో ముల్లు ఎక్కడుందో చూస్తాను.